విశాఖ ఆర్కే బీచ్: సందడికీ కోతకూ ఒకే మూలం

క్లుప్తంగా: విశాఖపట్నంలో ఆర్కే బీచ్ కోతకు గురవుతోందన్న వార్త వానాకాలంలో వస్తుంది, చలికాలానికి మరుగున పడుతుంది. నింద ఎక్కువగా తుపాన్ల మీద పడుతుంది. కానీ అసలు కారణం, తీరం వెంట ఉత్తరంగా సాగే ఇసుకకు ఓడరేవు అడ్డుపడటం. బీచ్‌రోడ్డును పర్యాటక కేంద్రంగా నిలబెట్టిన జలాంతర్గామి, నిఘా విమానం, యుద్ధ స్మారకం కూడా అదే ఓడరేవు వెంట వచ్చిన నౌకాదళం ఇచ్చినవే. ఈ రెంటినీ కలిపి చూస్తే తప్ప బీచ్ భవిష్యత్తు గురించిన చర్చ అర్థం కాదు.

ఊరు ఒకచోట, ఒడ్డు మరోచోట

నేడు విశాఖ అనగానే మొదట గుర్తొచ్చేది బీచ్‌రోడ్డే. వందేళ్ల కింద పరిస్థితి అలా లేదు. ఊరంటే ఇప్పటి వన్‌టౌన్. పదిహేడో శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం వెలసింది ఆ చుట్టుపక్కలే. చర్చి, దర్గా, వేంకటేశ్వరాలయం పక్కపక్కనే ఉన్న మూడు కొండలూ, కురుపాం మార్కెట్టూ అక్కడివే. తెల్లదొరలు, ఉన్నతాధికారులు కాస్త ఎత్తయిన వాల్తేరు వైపు బంగళాలు కట్టుకున్నారు. వాటికి తూర్పున ఉన్న ఇసుక మేట జాలర్లది. తెప్పలు ఆరబెట్టుకునే చోటు, అలివి వలలు లాగే చోటు. షికారుకు వెళ్లే స్థలంగా దానికి పెద్ద పేరేమీ లేదు.

ఒడ్డుకు దగ్గరగా మొదట వచ్చినవి హోటళ్లు కావు, సంస్థలు. 1923లో కింగ్ జార్జి ఆసుపత్రి వచ్చింది. 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు మారింది. ఆ దశాబ్దం చివర్లో రామకృష్ణ మిషన్ తీరాన ఆశ్రమం నెలకొల్పింది. బీచ్ పేరులోని ఆర్కే ఆ మిషన్‌దే. విద్యార్థులు, రోగుల బంధువులు, ఆశ్రమానికి వచ్చే భక్తులు: ఈ తీరానికి తొలి సందర్శకులు వీళ్లే. నేటికీ సాయంత్రం ఇక్కడ కనిపించే జనంలో ఊరివాళ్ల పాలు ఎక్కువ. గోవా తీరాలతో ఆర్కే బీచ్‌ను పోల్చేవాళ్లు సాధారణంగా మరచిపోయే తేడా ఇది. గోవాలో పర్యాటకుల రాకతో తీర గ్రామాల రూపు మారింది. ఇక్కడ ఊరు పెరుగుతూ పెరుగుతూ ఒడ్డుకు చేరుకుంది.

కొండ మలుపులో ఓడరేవు

ఊరు అలా పెరగడానికి కారణం ఓడరేవు. కలకత్తా, మద్రాసుల మధ్య పెద్ద ఓడలు నిలిచే చోటు లేదు. మధ్య పరగణాల (నేటి మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ వైపు ప్రాంతం) ఖనిజానికి సముద్ర మార్గం కావాలి. తూర్పు కనుమల కొండలు ఇక్కడ దాదాపు సముద్రంలోకి దిగుతాయి. అలా ముందుకు పొడుచుకు వచ్చిన యారాడ కొండ మొననే డాల్ఫిన్స్ నోస్ అంటారు. ఆ కొండ చాటున ఉప్పుటేరు, చిత్తడి నేల ఉన్నాయి. నేలను తవ్వి లోపలి హార్బరు చేశారు, కొండ పాదం వెంట కాలువ తీసి సముద్రంతో కలిపారు. 1931లో రాయ్‌పూర్–విజయనగరం రైలు మార్గం పూర్తయింది. 1933 అక్టోబరులో మొదటి ఓడ ‘జలదుర్గ’ లోపలికి వచ్చింది. డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు.

కాలువ తవ్వడం ఒక ఎత్తు, దాన్ని తెరిచి ఉంచడం మరో ఎత్తు. దక్షిణం నుంచి కొండ మొన చుట్టూ తిరిగి వచ్చే ఇసుక కాలువ నోట్లోనే పడుతుంది. దీన్ని ఆపడానికి కొండ మొనకు ముందు రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టలా వాడారు. వాటి చాటున అలల జోరు తగ్గి ఇసుక ఒకచోట పోగవుతుంది, డ్రెడ్జరుతో, అంటే నీటి అడుగు ఇసుకను తోడే ఓడతో, తోడేయవచ్చు. 1976లో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని పెద్ద ఓడల్లో జపాన్‌కు పంపడానికి బయటి హార్బరు సిద్ధమైంది. దాని కోసం రాతి అడ్డుకట్టలను సముద్రంలోకి మరింత దూరం తీసుకెళ్లారు. ఓడలకు అది రక్షణ. ఉత్తరానికి పోవలసిన ఇసుకకు మాత్రం అంతకు ముందుకన్నా పొడవైన గోడ.

ఇసుక ఎలా నడుస్తుంది

తీరం మీద ఇసుక స్థిరంగా ఉంటుందన్నది భ్రమ. అలలు ఒడ్డుకు నేరుగా రాకుండా కాస్త ఏటవాలుగా వస్తాయి. విరిగిన అల ఇసుక రేణువులను ఏటవాలుగానే పైకి తోస్తుంది. వెనక్కి జారే నీరు మాత్రం వాలు వెంట తిన్నగా దిగుతుంది. అంటే ఒక్కో అలకు ప్రతి రేణువూ తీరం వెంట కొద్దిగా పక్కకు జరుగుతుంది. రోజుకు వేల అలలు, ఏడాదికి లక్షలు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దక్షిణ దిక్కు నుంచి బలంగా వస్తాయి కనుక ఇసుక ఉత్తరానికి, కచ్చితంగా చెప్పాలంటే ఈశాన్యానికి, సాగుతుంది. ఈశాన్య రుతుపవనాల్లో కొంత వెనక్కి వస్తుంది గానీ ఆ బలం తక్కువ, కాలమూ తక్కువ. ఏడాది మొత్తం లెక్క వేస్తే లక్షల ఘనపు మీటర్ల ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి చేరుతుంది. తూర్పు తీరంలో చాలా భాగానికి ఇదే నియమం.

కాబట్టి బీచ్ అంటే బ్యాంకు ఖాతా లాంటిది: దక్షిణం నుంచి జమ, ఉత్తరానికి ఖర్చు. జమ ఆగినా ఖర్చు ఆగదు. విశాఖలో ఓడరేవుకు ఉత్తరాన మొదట ఉన్నది కోస్టల్ బ్యాటరీ అనే చోటు, దాని పక్కనే ఆర్కే బీచ్. కోత మొదట కనిపించాల్సిన చోటే కనిపిస్తోంది.

జమ తగ్గడానికి ఓడరేవు ఒక్కటే కారణం కాదు. దక్షిణాన సముద్రంలో కలిసే శారద, వరాహ, తాండవ నదులు తీరానికి ఇసుక తెచ్చేవి. తాండవ మీద, శారద మీది రైవాడ వద్ద జలాశయాలు కట్టాక ఆ ఇసుకలో కొంత ఎగువనే ఆగుతోంది. నదుల్లో ఇసుక తవ్వకాలు సరేసరి. 2009లో మొదలైన గంగవరం పోర్టు అడ్డుకట్టలు కూడా ఇదే దారిలో, ఇంకా దక్షిణాన ఉన్నాయి.

మెరీనా ఎందుకు పెరిగింది, ఆర్కే ఎందుకు తరిగింది

తెలుగువారికి బాగా తెలిసిన మరో నగర తీరం చెన్నై మెరీనా. అక్కడ రోడ్డు నుంచి నీటి దాకా నడిస్తేనే అలసట వస్తుంది, అంత ఇసుక ఉంది. విశాఖలో కొన్నిచోట్ల కాలిబాట గోడ దిగగానే అల తగులుతుంది. రెండు నగరాలదీ ఒకే సముద్రం, ఇసుక నడిచే దిశా ఒకటే. రెండు చోట్లా మనుషులు కట్టిన ఓడరేవు ఉంది. మరి తేడా ఎక్కడ?

ఓడరేవుకు బీచ్ ఏ పక్కన ఉందన్నదే తేడా. మద్రాసు హార్బరు నిర్మాణం 1870లలో మొదలైంది. మెరీనా దానికి దక్షిణాన ఉంది. ఉత్తరానికి పోతున్న ఇసుక హార్బరు గోడను తాకి ఆగిపోయి, ఏటికేడు మెరీనాలో మేట వేసింది. గవర్నర్ గ్రాంట్ డఫ్ 1880లలో అక్కడ విహార మార్గం వేయించే నాటికే ఇసుక వెడల్పు కావడం మొదలైంది. అదే హార్బరుకు ఉత్తరాన ఉన్న రాయపురం వైపు తీరం కోతకు గురై, రాళ్ల గోడలతో కాపాడుకోవలసి వచ్చింది. చెన్నైలో లాభం పొందిన పక్క ప్రసిద్ధి చెందింది, నష్టపోయిన పక్క జాలర్లకు మిగిలింది. విశాఖలో ప్రసిద్ధి చెందిన బీచే నష్టపోయే పక్కన పడింది. అందుకే ఇక్కడి కోత వార్తలకెక్కుతుంది.

పుదుచ్చేరి మూడో ఉదాహరణ. 1980ల చివర్లో అక్కడ చిన్న ఓడరేవుకు అడ్డుకట్టలు కట్టాక ఉత్తరాన ఉన్న పట్టణ తీరం ఇసుకంతా కోల్పోయింది. విహార మార్గం పక్కన రాళ్ల గోడే మిగిలింది. పర్యాటకులు దశాబ్దాలపాటు ఆ రాళ్లనే చూసి, ఇదే ఈ ఊరి తీరం అనుకున్నారు. తర్వాత జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నీటి అడుగున కృత్రిమ గట్టు అమర్చింది. అలల దూకుడు తగ్గి, ఇసుక కొంత తిరిగి చేరింది. పోయిన ఇసుకను రప్పించవచ్చని ఈ అనుభవం చూపుతుంది. ఒడ్డున గోడ కట్టడం మాత్రం ఇసుకను రప్పించదని కూడా అదే చూపుతుంది.

తోడిన ఇసుక ఎవరిది

విశాఖలో పుదుచ్చేరి అంతటి నష్టం జరగకపోవడానికి కారణం ఉంది. ఓడరేవు కాలువ పూడకుండా తోడిన ఇసుకను ఉత్తర తీరానికి పంపే పద్ధతి ఇక్కడ చాలాకాలంగా నడుస్తోంది. ఇసుక గుంటలో పోగైన దాన్ని డ్రెడ్జరు తోడుతుంది, నీటితో కలిపి పైపుల ద్వారానో, ఒడ్డుకు దగ్గరగా వచ్చి చిమ్మడం ద్వారానో బీచ్ వైపు వేస్తారు. దేశంలో డ్రెడ్జింగ్‌లో ప్రధాన సంస్థ అయిన డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కేంద్ర కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. అంటే ఆర్కే బీచ్ మీద సాయంత్రం పిల్లలు గూళ్లు కట్టే ఇసుకలో కొంత, యంత్రం తెచ్చి పోసినదే. సహజ తీరం అని మురిసిపోయే ముందు ఈ మాట గుర్తుంచుకోవడం మేలు.

చిక్కు ఇక్కడే ఉంది. ఓడరేవుకు కావలసింది లోతు, నగరానికి కావలసింది ఇసుక. తోడడం ఓడరేవుకు తప్పనిసరి. ఎక్కడ వేయాలన్నది మాత్రం ఖర్చు లెక్క. లోతు సముద్రంలో వదిలేయడం తేలిక, ఒడ్డుకు చేర్చడానికి పైపులు, సమయం, అదనపు డబ్బు కావాలి. తోడే పని ఒక సీజను ఆలస్యమైనా, టెండరు వాయిదా పడినా ఆ ఏడాది బీచ్ పస్తు ఉంటుంది. బీచ్ కోత వార్తల్లో అలల ఎత్తు గురించి చదువుతాం గానీ, ఆ ఏడాది ఎన్ని ఘనపు మీటర్లు తోడారు, అందులో ఎంత ఒడ్డుకు చేరింది అన్న లెక్క అరుదుగా కనిపిస్తుంది. నిజానికి ముందు అడగాల్సింది ఆ లెక్కే.

తుపాను పాత్ర కూడా ఈ లెక్కతోనే అర్థమవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు 170–180 కిలోమీటర్ల గాలులతో నేరుగా విశాఖ మీదే తీరం దాటింది. బీచ్‌రోడ్డు దెబ్బతింది, చెట్లు కూలాయి, ఒడ్డు కోసుకుపోయింది. పెద్ద తుపాను ఒక్క రోజులో ఇసుకను సముద్రంలోకి లాగి అడుగున మేట వేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న తీరంలో తర్వాతి నెలల్లో చిన్న అలలు దాన్ని మెల్లగా ఒడ్డుకు చేరుస్తాయి. జమ తక్కువగా ఉన్న తీరంలో ఆ తిరిగి రావడమే అరకొరగా సాగుతుంది. తుపాను దెబ్బ, పాత రోగాన్ని బయటపెట్టింది.

నౌకాదళం మలిచిన బీచ్‌రోడ్డు

ఓడరేవు ఉన్న చోటికి యుద్ధమూ వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. వాటిలో పేలని బాంబు ఒకటి బీచ్‌రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. పాత డచ్చి బంగళాలో 1991లో తెరిచిన మ్యూజియం అది. 1968లో తూర్పు నౌకాదళానికి విశాఖ కేంద్రమైంది. 1971 డిసెంబరు 3–4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి సమీపంలోనే మునిగిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ దాడిలో మునిగిందని భారత్, ప్రమాదవశాత్తు పేలుడు జరిగిందని పాకిస్తాన్ చెబుతూ వచ్చాయి. ఆ యుద్ధ జ్ఞాపకంగా 1996లో బీచ్ మీద ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం వెలసింది. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం సందర్భంగా ఇక్కడ జరిగే విన్యాసాలకు ఈ ఒడ్డే ప్రేక్షకుల గ్యాలరీగా ఉంటూ వచ్చింది.

బీచ్‌రోడ్డు రూపును మార్చింది మాత్రం కురుసుర. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ జలాంతర్గామి 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 31 ఏళ్ల సేవ తర్వాత 2001 ఫిబ్రవరి 27న విశ్రమించింది. 91 మీటర్ల పొడవున్న ఆ ఉక్కు శరీరాన్ని ముక్కలు చేయకుండా ఒడ్డుకు లాగి, ఇసుకలో పునాదుల మీద నిలిపారు. 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా తెరిచారు. లోపల ఇరుకు దారులు, ఒకదాని మీద ఒకటి పడకలు, టార్పిడో గొట్టాలు. పదవీ విరమణ చేసిన నౌకాదళ సిబ్బందే చూపించి వివరిస్తారు. చూసేవాళ్లకు ఎక్కువగా గుర్తుండేది టార్పిడో కాదు, డెబ్భై మందికి పైగా మనుషులు అంత ఇరుకులో ఎలా బతికారన్న ప్రశ్న.

రోడ్డుకు అవతలి పక్కన 2017 డిసెంబరులో టీయూ–142 నిఘా విమానం చేరింది. 29 ఏళ్లు ఎగిరి, ఆ ఏడాది మార్చిలో అరక్కోణంలో విశ్రమించిన విమానాన్ని విడదీసి రోడ్డు మీద తెచ్చి మళ్లీ బిగించారు. తర్వాత సీ హారియర్ యుద్ధ విమానం, యూహెచ్–3హెచ్ హెలికాప్టరూ వచ్చాయి. ప్రతి ప్రయత్నమూ ఫలించలేదు. విమాన వాహక నౌక విరాట్‌ను కూడా విశాఖ తీరానికి తేవాలన్న ప్రతిపాదన కొన్నాళ్లు నడిచింది. ఖర్చు తేలక ఆగిపోయింది, ఆ ఓడ 2020లో అలంగ్‌లో తుక్కుకు చేరింది.

మిగతా ఆకర్షణలను త్వరగా చెప్పుకోవచ్చు. కాళీమాత ఆలయం, మత్స్యదర్శిని, ఉద్యానవనాలు, తెలుగు ప్రముఖుల విగ్రహాలు, ఉత్తరాన కైలాసగిరి రోప్‌వే. తిండి విషయంలో మాత్రం ఆగాలి. మురీ మిక్చర్ తినకుండా ఆర్కే బీచ్ నుంచి వెళ్లే విశాఖవాసి అరుదు. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం కలిపి పొట్లంలో ఇచ్చే ఈ చిరుతిండే బీచ్ ఆర్థిక వ్యవస్థకు నిజమైన పునాది. ప్రవేశ రుసుము లేని తీరంలో డబ్బు ఎక్కువగా చేతులు మారేది తోపుడు బళ్ల దగ్గరే. ఇసుక వెడల్పు తగ్గితే మొదట చోటు పోయేదీ వాళ్లకే.

తరచూ వచ్చే రెండు అపోహలు

ఇసుక నల్లబడిందంటే కాలుష్యమే అన్నది మొదటిది. ఊరి గెడ్డల (వాగుల) నుంచి మురుగు కలవడం నిజమే, దాన్ని కొట్టిపారేయలేం. కానీ బీచ్ మీద కనిపించే నల్లని, ముదురు ఎరుపు చారలు చాలావరకు ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలు. తూర్పు కనుమల ఖొండలైట్ శిలలు అరిగి వచ్చినవే. బలమైన అలలు తేలికైన తెల్ల ఇసుకను మోసుకుపోతే బరువైనది మిగిలి పైకి కనిపిస్తుంది. అంటే నల్ల చారలు విస్తరించడం కొన్నిసార్లు కోతకు గుర్తు.

ఒడ్డున నీరు నిమ్మళంగా కనిపిస్తే స్నానానికి భయం లేదన్నది రెండోది. ఇది ప్రాణాంతకమైన అపోహ. ఒడ్డుకు చేరిన నీరు ఏదో ఒక సందు వెతుక్కుని సన్నని ప్రవాహంగా వేగంగా వెనక్కి వెళుతుంది. ఆ సందులో అలలు విరగవు కనుక చూపుకు అదే ప్రశాంతంగా ఉంటుంది. చిక్కుకున్నవాళ్లు ఒడ్డుకు ఎదురీదితే అలసిపోతారు. తీరానికి సమాంతరంగా కొంత పక్కకు ఈదితే ప్రవాహం నుంచి బయటపడవచ్చు. ఆర్కే బీచ్ వద్ద వాలు నిటారు, అక్కడక్కడా రాళ్లు. స్నానం కోరేవారు 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, సురక్షితమైన తీరాలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) పొందిన రుషికొండలో, కాపలా సిబ్బంది ఉన్న హద్దుల్లో దిగడం కొంత నయం.

ఇక ముందు

బీచ్‌రోడ్డుకు తూర్పున భవనాలు పలుచగా, పడమట దట్టంగా ఉండటం యాదృచ్ఛికం కాదు. 1991లో తొలిసారి వచ్చి 2011, 2019ల్లో మారిన తీర నియంత్రణ నిబంధనల ప్రకారం, అప్పటికే పెరిగిన నగర ప్రాంతాల్లో కొత్త కట్టడాలకు ఉన్న రోడ్డుకు నేల వైపునే అనుమతి. రోడ్డే గీత. ఇసుక తగ్గి సముద్రం ఆ గీతను చేరితే వెనక్కి జరగడానికి చోటు లేదు, ఎందుకంటే గీతకు అవతల అంగుళం ఖాళీ లేకుండా హోటళ్లు, అపార్టుమెంట్లు ఉన్నాయి. ఇక మిగిలేవి మూడు దారులు.

రాళ్ల గోడ రోడ్డును కాపాడుతుంది, బీచ్‌ను కాదు. గోడను తాకి వెనుదిరిగిన అల దాని పాదం కిందే ఇసుకను మరింత తోడుతుంది. సముద్రంలోకి అడ్డంగా కట్టే చిన్న గట్లు తమకు దక్షిణాన ఇసుకను ఆపుతాయి, ఉత్తరాన తగ్గిస్తాయి. ఇసుక పోయడం, అవసరమైతే నీటి అడుగు గట్టుతో కలిపి, మూడిటిలో తక్కువ హాని చేసేది. కానీ అది ఒక్కసారి చేసి ప్రారంభోత్సవం జరిపే పని కాదు, ఓడరేవు ఉన్నంతకాలం ఏటా చేయాల్సిన పని. అందుకే రాజకీయంగా దానికి ఆకర్షణ తక్కువ.

ఆర్కే బీచ్‌కు ఉత్తరాన జాలరిపేట, లాసన్స్ బే, తెన్నేటి పార్కు, రుషికొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి వరసగా ఉన్నాయి. ఇసుక ఆర్కే వద్ద ఆగితే తర్వాతి వంతు జాలరిపేటది. అక్కడ పడవలు ఒడ్డుకు లాగడానికి ఇసుక వెడల్పు కావాలి. రోడ్డు కోసం వేసే ఏ ప్రణాళికైనా ఆ మత్స్యకారుల పడవలు ఎక్కడ నిలుస్తాయో కూడా చెప్పాలి. లేకపోతే కోతను కొన్ని కిలోమీటర్లు ఉత్తరానికి జరిపినట్టే అవుతుంది.